వత్తుల ఫోల్డర్

మా ఇంటి ఓనర్ బుచ్చయ్య యాభై ఎనిమిదేండ్ల యువనాయకుడు.

ఈ మాట నేనంటలే. తొండుపల్లి చౌరస్తాల కట్టిన ఫ్లెక్సీలు అంటున్నయ్. ఏ పార్టీ అని మాత్రం అడగొద్దు. ఎలక్షన్లు దగ్గరికొస్తే గని ఆయనకు కూడ తెల్వదు.

ఆయన మేడ మీద సింగిల్ రూముల నేను కిరాయికుంటున్న. పేరు ఆశేర్. మా ఇల్లు మైలార్‌దేవ్‌పల్లిల. షిఫ్టు డ్యూటీకి తిరగలేక ఈడికొచ్చిన. ఎయిర్‌పోర్టు దగ్గర ఒక కార్గో ఆఫీసుల ఐటీ సపోర్టు నా కొలువు. అంటే ఏం లేదు, ప్రింటర్ల ఇరికిన కాయితం గుంజుడు, 'ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చెయ్యుండ్రి సార్' అని చెప్పుడు. బుచ్చయ్య మాత్రం ఊరంత 'మా మేడ మీద విమానాల ఇంజనీరున్నడు' అని చెప్పుకుంటడు. నేను కూడ కాదనలే. ఎందుకొచ్చిన లొల్లి?

ఒకనాడు పొద్దుగాల్నే కింది నుంచి కేకేసిండు.

"అరె ఆశేరూ! పదిరోజుల్ల నా బర్త్‌డే. జయశీల డిజిటల్స్‌ల ఫ్లెక్సీ ఇచ్చిన. నలభై ఆరు తలకాయలు. నువ్వు కంప్యూటరోనివి కదా, పక్కన కూసొని జర సైజులు చూసుకో. నాకన్న పెద్ద తలకాయ ఎవ్వనిది ఉండొద్దు."

"సరే అంకుల్."

"సమానంగ కూడ ఉండొద్దు."

జయశీల డిజిటల్స్ అంటే శంషాబాద్ బస్టాండ్ వెనక గల్లీల ఒక షట్టర్, ఒక కంప్యూటర్, రెండు ప్లాస్టిక్ కుర్చీలు. మీదికెళ్లి విమానం పోయినప్పుడల్ల షట్టర్ గడగడ వణుకుతది. నేను పోయేసరికి ఒక అమ్మాయి వీపు నా దిక్కు పెట్టి స్క్రీన్‌ల మునిగి ఉన్నది. జడకు రబ్బర్ బ్యాండ్, చెవి మీద పెన్సిల్.

స్క్రీన్ మీద బుచ్చయ్య రెండు చేతులు జోడించి నవ్వుతున్నడు. ఆయన కింద 'జన్ మదిన శుభాకాంక్ షలు' అని పడ్డది. అక్షరాలు దేని తొవ్వ దానిదే అన్నట్టు ఉన్నయ్.

ఆ అమ్మాయి ఏం చేసిందంటే, తెగిపోయిన ముక్క మీద బ్యాక్‌గ్రౌండ్ రంగుల ఒక ప్యాచ్ వేసింది. 'వత్తులు' అనే ఫోల్డర్ తెరిచింది. అండ్ల అన్ని వత్తులు ఫొటోల లెక్క వరుసగ ఉన్నయ్. ఒక మ-వత్తును మౌస్‌తోని పట్టుకొచ్చి 'న' కింద పెట్టి, కొంచెం పైకి, కొంచెం పక్కకు జరిపి, తల వంచి చూసుకున్నది. అంగి చిరుగుకు మాసిక వేసినట్టే.

నాకు నవ్వాగలే.

ఆమె గిర్రున తిరిగింది. "ఏంది నవ్వుతున్నవ్?"

కండ్లు చూసిన. నవ్వు ఆగింది. ఊపిరి కూడ జర ఆగింది.

"మేడం, ఇది ఫాంట్ ప్రాబ్లం. సాఫ్ట్‌వేర్‌కు మన లిపి కలపరాదు, అందుకే గట్ల విడిపోతున్నయ్. ప్రిఫరెన్సెస్‌ల పోయి, టైప్ అనే దాంట్ల ఒక్క బటన్ మారిస్తే..."

"నిన్ను బుచ్చయ్య సార్ పంపిండా?"

"అవును."

"తలకాయలు చూడనీకి?"

"అవును."

"అయితే తలకాయలు చూడు. అక్షరాలు నా పని."

ఇంక తిట్టేదే, గాని మీద విమానం వచ్చింది. ఆమె వేలు ఎత్తి 'ఆగు' అన్నట్టు పెట్టింది. షట్టర్ వణుకుడు ఆగినంక వేలు దించి, ఆపిన కాడికెళ్లే మొదలుపెట్టింది. "షాపుల అడుగు పెట్టంగనే నవ్వుడేంది? మీ ఆఫీసుల గిట్లనే నవ్వుతరా?"

ఆమె పేరు సునీల.

ఇగ చెప్పుడేంది, డ్యూటీ అయిపోంగనే దినాం షాపుకే. బుచ్చయ్య నా మీద మస్తు ఖుష్. 'నా తలకాయ మీద ఎంత శ్రద్ధ ఈ పిలగానికి' అనుకున్నడు. ఆ నలభై ఆరు మంది కూడ ఒక్కొక్కడు వచ్చి పోతుండె. ఒకాయన కూలింగ్ గ్లాసులు పెట్టుమన్నడు. ఒకాయన పదేండ్ల కిందటి ఫొటో తెచ్చి, ఇప్పటి మీసాలు దానికి అతికియ్యుమన్నడు. ఇంకొకాయన స్కేల్ తెచ్చి స్క్రీన్ మీద పెట్టి పక్కోని తలకాయ కొలిచిండు. ఒక్కడంటే ఒక్కడు కింద రాసింది చదవలే.

సునీల అందరికి సరే అన్నది. వాళ్లు పోయినంక నా దిక్కు చూసి కండ్లెగరేసింది. ఆ చూపు కోసం నేను ఇంకో నలభై ఆరు మందిని తోలుకొచ్చేటోన్నే.

ఒక సాయంత్రం వాన దంచికొట్టింది. షట్టర్ సగం దించినం. జల్లు లోపలికొస్తుంటే సీపీయూ మీద నా రెయిన్‌కోట్ కప్పిన.

"నీ మీద కప్పుకోవా?" అన్నది.

"నేను తడిస్తే ఆరుత. అది తడిస్తే బుచ్చయ్య పోతడు."

మొదటిసారి నోరు తెరిచి నవ్వింది. నవ్వుకుంటనే కీబోర్డ్ మీద నా పేరు కొట్టింది. 'ఆశేర్.' పెద్దగ, శుభ్రంగ వచ్చింది. ఏం విరగలే.

"చూసినవా, నీ పేర్ల ఒక్క వత్తు లేదు. నీకు నాతోని పనే లేదు."

"నీ పేర్ల కూడ లేదు కదా. ఇద్దరం ఒకటే."

"అబ్బో!" అని స్క్రీన్ దిక్కు తిరిగింది. కానీ చెవులు ఎర్రగైనయ్, నేను చూసిన.

ఆ రాత్రి పండుకున్నంక ఒకటే ఆలోచన. పాపం ఈ పిల్ల ఒక్కొక్క వత్తును చేతితోని అతికించుకుంట కండ్లు పోగొట్టుకుంటున్నది. రెండు నిమిషాల పని నేను చేసిపెడితే? తెల్లారి ఫైల్ తెరవంగనే అక్షరాలన్ని వాటంతట అవే కలిసి కనపడితే? 'ఎవరు చేసిండ్రు?' అంటది. నేను గోడకు ఒరిగి నిలవడి, ఏమో అంట. గిట్ల నా సినిమా నేనే చూసుకున్న.

ఐటీ సపోర్టోళ్లకు ఒక జబ్బుంటది. అడగకున్నా బాగుచేస్తరు.

మరుసటి రోజు ఫ్లెక్సీ ప్రింట్‌కు పోవాలె. అంతా ఒకసారి చూసుకొని సునీల లేచింది. "పావుగంటల అన్నం తినొస్త. ఏం ముట్టకు."

ముట్టిన. ఆ బటన్ నొక్కిన. సాఫ్ట్‌వేర్ ఆఫ్ చేసి ఆన్ చేసిన. ఉట్టిగ ఉంటనా, ఫోల్డర్‌ల ఉన్న పాత ఫైళ్లు కూడ అన్ని కొత్త పద్ధతికి మారేటట్టు కమాండ్ ఇచ్చిన. కొత్త పేజీల 'శుభాకాంక్షలు' అని కొట్టి చూసిన. ముత్యాల లెక్క వచ్చింది. పాత ఫైల్ మాత్రం ఒక్కటి కూడ తెరిచి చూడలే.

ఆమె వచ్చింది, ఇంతకుముందే చూసింది కదా అని ఫైల్ పెన్‌డ్రైవ్‌ల ఎక్కించింది. పెన్‌డ్రైవ్ రాజేంద్రనగర్‌ల ప్రింటింగ్ మెషిన్ దగ్గరికి పోయింది. అక్కడికెళ్లి ఫ్లెక్సీ సీదా చౌరస్తాకు పోయింది.

తెల్లారి బండి మీద డ్యూటీకి పోతూ చూసిన. చూసి బండి ఆపిన.

అక్షరాలు కలిసినయ్, నిజమే. కలిసేసరికి జాగ తగ్గి మాటలన్ని ఎడమకు జరిగినయ్. కానీ సునీల వేసిన ప్యాచులు, చేతితోని పెట్టిన వత్తులు ఎక్కడియ్యక్కడనే ఉన్నయ్. ప్యాచులు వచ్చి మంచి అక్షరాల మొకాలు మూసినయ్. వత్తులు ఎవరియ్యో అక్షరాల కింద, కొన్నయితే ఉత్త గాలిల వేలాడుతున్నయ్. నలభై అడుగుల ఫ్లెక్సీ మీద ఒక్క మాట సక్కగ లేదు.

దాని కిందనే బుచ్చయ్య కేకు కోస్తున్నడు. నలభై ఆరు మంది సెల్ఫీలు దిగుతున్నరు.

"ఆశేరూ! మస్తుగొచ్చింది బిడ్డా!" అని బుచ్చయ్య కేకు ముక్క నా నోట్ల పెట్టిండు. "నా తలకాయ చూడు, ఎంత నిండుగున్నదో!"

ఒక్కడు కూడ చూసుకోలే. నాకేమో కేకు మింగుడు పడలే.

షాపుకు ఉరికిన. షట్టర్ సగం దించి ఉన్నది. సునీల బయట మెట్టు మీద కూసున్నది. ఏడిసి ఏడిసి మొకం ఉబ్బింది.

"సునీలా, అది..."

"సెట్టింగ్ మార్చింది నువ్వేనా?"

"నీకు సర్‌ప్రైజ్ ఇద్దామని..."

"ఆ బటన్ సంగతి నాకు తెల్వదనుకున్నవా?"

నేను కింద నేల మీద కూసున్న.

"రెండేండ్ల కిందనే తెల్సు. నొక్కితే వత్తులు వాటంతట అవే వస్తయ్, నాకు తెల్సు. ఎవరి వత్తులు వస్తయ్? ఫాంట్ కంపెనోనివి వస్తయ్. మా డాడీవి వస్తయా?"

విమానం వచ్చింది. ఈసారి ఆమె వేలెత్తలే. ఆ మోతలనే మొకం తుడుచుకున్నది. అది పోయినంక మెల్లగ చెప్పింది.

వాళ్ల డాడీ ప్రేమదాసు గారు ముప్పై ఏండ్లు గోడల మీద రాసిండు. విత్తనాలు, టైర్లు, ట్యూషన్లు, ప్రార్థన కూటాలు. శంషాబాద్ నుంచి కాటేదాన్ దాక ఏ గోడ మీద మంచి అక్షరం కనపడ్డా, మూలకు చిన్నగ 'ప్రేమ ఆర్ట్స్' అని ఉంటుండె. మూడేండ్ల కింద నిచ్చెన మీదికెళ్లి పడ్డడు. కుడి చేతి పట్టు పోయింది. సునీల పాత గోడలకు ఫొటోలు తీసి, ఆయన వత్తులన్ని ఒక్కొక్కటి కత్తిరించి ఆ ఫోల్డర్‌ల పెట్టుకున్నది. పెద్ద అక్షరాలు ఫాంట్‌వే, కింది వత్తులు మాత్రం డాడీవి.

"దవాఖానకు చెయ్యి ఎక్సర్‌సైజుకు పోతూ ఆటోలకెళ్లి ప్రతి ఫ్లెక్సీ చూస్తడు. 'అది నా వత్తే' అంటడు. ఆ ఒక్క మాట కోసం నేను షాపు నడుపుతున్న. పొద్దున చౌరస్తాల ఆటో ఆపించిండట. అంతా చదివిండట. ఇంటికొచ్చి, నెలాఖరుకు షాపు మూసెయ్ బిడ్డా, నా అక్షరాన్ని ఇగ అల్లరి చెయ్యకు అన్నడు."

నలభై ఆరు మంది తలకాయలున్న ఫ్లెక్సీ. ఊర్ల చదివింది ఆయన ఒక్కడు.

"పాత ఫైళ్లు..."

"వేరే పెన్‌డ్రైవ్‌ల ఉన్నయ్. నీ దయ లేకుంటనే. డాడీ మనసు ఏ పెన్‌డ్రైవ్‌ల ఉన్నదో చెప్పు, పోయి తెచ్చుకుంట." లేచి షట్టర్ పట్టుకున్నది. "ఇగ రాకు ఆశేర్."

షట్టర్ పడ్డది.

నాకు అన్నం సయించలే. రెండు దినాలు ఆఫీసుల ప్రింటర్ కాయితం మింగినా పట్టించుకోలే. మూడో దినం ధైర్యం చేసి సీదా వాళ్లింటికే పోయిన. సునీల షాపుల ఉన్నది. వాళ్ల మమ్మీ జయశీల గారు తలుపు తీసి, పేరు చెప్పంగనే "ఓహో, ఆ బటన్ నొక్కిన పిలగాడివా?" అన్నది. అయినా నీళ్లిచ్చింది.

ప్రేమదాసు గారు మంచం మీద కూసొని ఒళ్లో రబ్బర్ బంతి పట్టుకున్నడు. కాళ్ల దగ్గర కూసొని చేసిందంతా చెప్పేసిన. చెప్తుంటే నాకే సిగ్గనిపించింది.

ఆయన బంతిని రెండుసార్లు నొక్కిండు. తర్వాత, "నువ్వు తప్పు చేసినవ్ గని, ఒక నిజం చూపెట్టినవ్ బిడ్డా," అన్నడు. "కేకు కోసినోళ్లు ఒక్కరన్న చూసిండ్రా? అక్షరం ఎవరు చదువుతున్నరు ఈ కాలంల? ఎవరి కోసం నా బిడ్డ కండ్లు పాడు చేసుకునుడు?"

"మీరు చదివిండ్రు కదా అంకుల్."

బంతి నొక్కుడు ఆపిండు.

"మీ వత్తులే కాదు, మీ అక్షరాలన్ని కంప్యూటర్‌ల పెడ్త. ఫాంట్ చేస్త. అప్పుడు బటన్ నొక్కినా మీ అక్షరమే వస్తది, మీ వత్తే కలుస్తది. నాకు ఫాంట్ చేసుడు రాదు, నేర్చుకుంట. కానీ ఏ వత్తు ఎంత దూరంల ఉండాలెనో నాకు తెల్వదు. మీరు చెప్పాలె. అందుకే అడుగుతున్న. చెయ్యాల్నా?"

ఆయన నన్ను కిందికెళ్లి మీదికి చూసిండు. "జయా, నా చెప్పులేవి?" అన్నడు.

ఇగ ఇరవై దినాలు డ్యూటీ అయిపోంగనే ఆటోల తిరుగుడే. కాటేదాన్ దిక్కు ఒక టైర్ల దుకాణం గోడ మీద 'అ' నుంచి 'ఔ' దాక దాదాపు అన్ని దొరికినయ్. రాజేంద్రనగర్‌ల ఒక విత్తనాల గోదాం మీద 'జ' దొరికింది. తొండుపల్లి ప్రహరీ మీద 'ళ' ఉన్నదని ఆయనకు గుర్తు. పోయి చూస్తే దాని మీద బుచ్చయ్య పోస్టర్ అతికి ఉన్నది. నీళ్లు చల్లి, బుచ్చయ్య గడ్డం గోకి, దాని కిందికెళ్లి 'ళ'ను బయటికి తీసినం. ఆయన చిన్న పిలగాని లెక్క నవ్విండు.

ఇంట్ల లాప్‌టాప్ ముందట కూసొని నేను మౌస్ పడ్తుంటి, ఆయన నా భుజం మీద ఎడమ చెయ్యి వేసి చెప్తుండె. "జర కిందికి. ఇంకా. అరె, గంత కాదు. త-వత్తు తల్లి ఒళ్లో కూసున్నట్టుండాలె, జారి పడ్డట్టు కాదు. ఆఁ, గిప్పుడు మంచిగున్నది."

సునీల ఇంటికొస్తే నేను ఆ గదిల, ఆమె ఈ గదిల. నాతోని మాట్లాడలే. కానీ ఒకనాడు నాకు ఛాయ్‌ల చక్కెర రెండు చెంచాలు పడ్డది. జయశీల గారు ఎప్పుడు ఒక్కటే వేస్తది. నాకు ఆశ పుట్టింది.

నెలాఖరు రోజు పెన్‌డ్రైవ్ జేబుల పెట్టుకొని షాపుకు పోయిన. సునీల గోడ మీది శాంపిల్ ఫ్లెక్సీలు విప్పుతున్నది. షాపు ఖాళీ చేస్తున్నదని చూడంగనే షట్టర్ కాడనే ఆగిన.

"లోపలికి రావచ్చా?"

"ఏం, ఇయ్యాల అడుగుతున్నవ్?"

"నేర్చుకున్న."

పక్కకు జరిగింది. పెన్‌డ్రైవ్ పెట్టి ఫాంట్ ఎక్కించిన. ప్రిఫరెన్సెస్ తెరిచి, మౌస్‌ను ఆ బటన్ మీదికి తెచ్చి ఆగిన.

"సునీలా, ఇది నొక్కాల్నా?"

ఆమె కుర్చీ దగ్గరికి గుంజుకున్నది. "నొక్కు."

నొక్కిన. ఆఫ్ చేసి ఆన్ చేసిన. కీబోర్డ్ ఆమె ముందటికి జరిపిన. ఏ మాట కొడ్తదో అని చూస్తున్న. ఆమె కొట్టిన మొదటి మాట 'బుచ్చయ్య'.

"ఇదేంది!"

"రెండు వత్తులున్నయ్ కదా. టెస్టింగ్."

స్క్రీన్ మీద వాళ్ల డాడీ చేతిరాతల బుచ్చయ్య మెరిసిపోతున్నడు. చ కింద చ, య కింద య, ముప్పై ఏండ్ల కింద గోడ మీద కుంచెతోని రాసినట్టే. సునీల ఆ చ-వత్తును వేలితోని ముట్టుకున్నది. తర్వాత చున్నీ మొకానికి అడ్డం పెట్టుకున్నది.

"డాడీ చూసిండా?"

"ఆయనే దగ్గరుండి పెట్టించిండు. షాపు మూయొద్దు అని కూడ చెప్పుమన్నడు. సునీలా, ఇంకొకటి అడగాలె."

"అడుగు. అడగకుండ చేస్తే మాత్రం ఊరుకోను."

"నువ్వంటే నాకు ప్రాణం. నన్ను పెండ్లి చేసుకుంటవా?"

అప్పుడే రావాల్నా ఆ విమానం! షట్టర్ గడగడలాడింది. సునీల వేలెత్తి 'ఆగు' అన్నది. అది పోయేదాక ఆ వేలునే చూసుకుంట నిలవడ్డ. పోయింది. వేలు దించింది.

"మళ్లొకసారి అడుగు."

"వినపడలేదా?"

"వినపడ్డది. మళ్లొకసారి అడుగు."

మూడుసార్లు అడిగించుకొని సరే అన్నది.

మా ఇంట్ల, వాళ్లింట్ల ఎవ్వరు కాదనలే. "చాటుంగ బటన్ నొక్కినోడు, ఇప్పుడు అడిగి నొక్కుతున్నడట, చాలదా?" అన్నది జయశీల గారు. అడ్డం తగిలింది ఒక్క బుచ్చయ్యనే. పెండ్లి ఫ్లెక్సీ తనే కట్టిస్తనన్నడు. కట్టించిండు. చర్చి గేటు పక్కన ఇరవై అడుగులు, అక్షరాలన్ని ప్రేమదాసు మామ ఫాంట్‌ల. అండ్ల నేను, సునీల కుడి మూలకు అరచెయ్యంత ఉన్నం. మిగిలిందంతా బుచ్చయ్య, నలభై ఆరు మంది.

"నీ తలకాయ జర చిన్నగైంది బిడ్డా, ఏమనుకోకు. ప్రోటోకాల్," అన్నడు.

ఆ రోజు కూడ అందరు ఫ్లెక్సీ ముందట సెల్ఫీలు దిగిండ్రు. అందరు పోయినంక చూస్తే, ప్రేమదాసు మామ ప్లాస్టిక్ కుర్చీ ఫ్లెక్సీకి ఎదురుంగ వేసుకొని కూసున్నడు. మీది నుంచి కింది దాక, నలభై ఆరు పేర్లతోని సహా, ఒక్కొక్క అక్షరం చదువుతున్నడు. పెండ్లిబట్టల్ల నేను, సునీల పోయి వెనక నిలవడ్డం.

"ఏమన్న తప్పున్నదా మామా?"

"అక్షరం తప్పులేదు," అన్నడు. "గని ఒకటి మర్చిపోయిండ్రు."

కోటు జేబుల నుంచి పాత కుంచె తీసిండు. చిన్న పెయింట్ డబ్బా తీసిండు. సునీల మూత విప్పి పట్టుకున్నది. ఆయన ఎడమ చెయ్యితోని బుచ్చయ్య గడ్డం కింద ఖాళీ జాగల ముందుగాల 'పేమ ఆర్ట్స్' అని రాసిండు. నిచ్చెన మీదికెళ్లి పడ్డనాటి సంది సంతకం పెట్టింది ఇదే మొదలు. అక్షరాలు అటొకటి ఇటొకటి పోయినయ్. ఆఖరుకు 'పే' కింద ర-వత్తు గీసి, తల వంచి చూసుకున్నడు, అచ్చం సునీల చూసుకున్నట్టే.

"వంకరొచ్చింది బిడ్డా," అన్నడు.

సునీల డబ్బా కింద పెట్టింది. ఫోన్ తీసి, దగ్గరికి పోయి, ఆ వంకర వత్తుకు ఫొటో తీసింది.

"ఎందుకు?" అన్న నేను.

"ఫోల్డర్‌ల లేదు, ఇది కొత్తది," అన్నది.